సొంత ఊళ్లో పరాయిదైన భాషకు ఒక పంతులు

1954 నవంబరు 1 యానాం పెద్దలకు బాగా తెలిసిన తేదీ. ఫ్రెంచివారి చేతిలో ఉన్న పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాంల పాలన భారతదేశం చేతికి వచ్చిన రోజది. యానాంలో అయితే అంతకు కొన్ని నెలల ముందు జూన్‌లోనే జెండా మారింది. సరిగ్గా అదే నవంబరు 1న, ఉత్తర ఆఫ్రికాలోని అల్జీరియాలో, అదే ఫ్రాన్సు మీద సాయుధ తిరుగుబాటు మొదలైంది. మన వైపు కథ సంతకాలతో ముగిసింది. అక్కడ ఏడేళ్లకు పైగా నెత్తురు పారింది. 1962 జులైలో అల్జీరియా స్వతంత్రమైంది. యానాంతో సహా నాలుగు ఊళ్ల అప్పగింతకు తుది చట్టబద్ధత వచ్చింది కూడా ఆ తర్వాతే, అదే ఏడాది ఆగస్టు 16న.

ఆ అల్జీరియాలో తుపాకులు పేలడానికి 14 ఏళ్ల ముందే కన్నుమూసిన ఒక పంతులు కథ ఇది. ఆయన పేరు అబ్దుల్ హమీద్ బిన్ బాదీస్. అరబ్బు దేశాల్లో ఆయన పేరు తెలియని చదువరి ఉండడు. మన దగ్గర మాత్రం ఇస్లామీయ చరిత్ర చదివేవారికి తప్ప పెద్దగా తెలియదు. బడి, భాష, మతం, పరాయి పాలన అనే నాలుగు ముడులూ ఒకే జీవితంలో ఇంతగా కలిసిపోయిన మనిషి మరొకరు నాకు కనిపించలేదు. అందుకే ఈ పేజీ చదివే తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు ఆయన గురించి చెప్పాలనిపించింది.

ఆయన పుట్టింది 1889 డిసెంబరు 4న, తూర్పు అల్జీరియాలోని కాన్‌స్టాంటీన్‌లో. లోతైన లోయ అంచున, బండరాతి మీద కట్టిన పాత నగరం అది. లోయ మీద వంతెనలున్న ఊరు. ఫ్రెంచి సైన్యం 1830లో అల్జీరియా తీరంలో దిగినా, ఈ ఊరిని పట్టుకోవడానికి 1837 దాకా ఆగాల్సి వచ్చింది. బిన్ బాదీస్‌ల కుటుంబం ఊళ్లో పేరున్న పాత కుటుంబం. వెయ్యేళ్ల కిందట ఆ ప్రాంతాన్ని ఏలిన జీరీ వంశం తమదేనని చెప్పుకునేవారు. ఆ వంశం అరబ్బులది కాదు, అక్కడి మూలవాసులైన బెర్బర్లది. ఈ మాట గుర్తుంచుకోండి, చివర్లో మళ్లీ అవసరం పడుతుంది. తండ్రి ముస్తఫా ఫ్రెంచి పాలకులు పెట్టిన సభల్లో సభ్యుడు. భూములున్న మనిషి, దొరల దగ్గర మాట చెల్లే మనిషి.

అప్పటికి ఫ్రెంచి పాలన వచ్చి 50 ఏళ్లు దాటింది. అరబ్బీ చదువులు ఎలా చితికిపోయాయో తెలుసుకోవాలంటే వక్ఫు సంగతి చూడాలి. పూర్వం మసీదు బడులు, మదర్సాలు, పంతుళ్ల జీతాలు, దూరపు ఊళ్ల విద్యార్థుల తిండి, ఇవన్నీ వక్ఫు ఆస్తుల మీద నడిచేవి. ఒక పుణ్యాత్ముడు రాసిచ్చిన దుకాణం అద్దె ఒక పంతులుకు, ఒక తోట పంట ఒక బడికి. ఫ్రెంచి ప్రభుత్వం ఈ ఆస్తులను తన ఖజానాలో కలిపేసుకుంది. అరబ్బీ బడులు మూసేయండని ఆ రోజు ఎవరూ ఆజ్ఞ ఇవ్వలేదు. అద్దె ఆగింది, జీతం ఆగింది, పంతులు వెళ్లిపోయాడు, బడి దానంతటదే మూతపడింది. మిగిలిన పెద్ద మసీదుల్లో ఇమాములు, ముఫ్తీలు ప్రభుత్వ జీతగాళ్లయ్యారు. మారుమూల సూఫీ మఠాలే పిల్లలకు ఖురాన్ వల్లె వేయించి ఆ దీపం కొండెక్కకుండా కాపాడాయి. ఆ మఠాలతోనే బిన్ బాదీస్ తర్వాత కొట్లాడాడు. వాటి మేలు కూడా చెప్పకపోతే న్యాయం కాదు.

పౌరసత్వం విషయం ఇంకా చిత్రం. 1865 చట్టం ప్రకారం అల్జీరియా ముస్లిం ఫ్రాన్సు ప్రజే గానీ పౌరుడు కాడు. పౌరుడు కావాలంటే పెళ్లి, వారసత్వం వంటి విషయాల్లో ఇస్లామీయ ధర్మాన్ని వదులుకుంటానని రాసివ్వాలి. యానాం, పుదుచ్చేరి పాత కుటుంబాలకు ఇలాంటి సంగతి తెలిసే ఉంటుంది. 1881 నాటి ఫ్రెంచి ఆజ్ఞ ప్రకారం అక్కడా కొందరు తమ కులాచార, మతాచార చట్టాలను వదులుకుని, కొత్త ఇంటిపేర్లు పెట్టుకుని ఫ్రెంచి పౌరచట్టం కిందికి వెళ్లారు. అల్జీరియాలో అలా వెళ్లినవారు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. వెళ్లినవాణ్ణి ఊరు మతం విడిచినవాడిగానే చూసేది.

ముస్తఫా తన పెద్దకొడుకును ఫ్రెంచి బడికి పంపలేదు. దొరలతో పొత్తున్న మనిషి ఎందుకిలా చేశాడో ఎవరికి తెలుసు. బహుశా ఇంట్లో ఒకడైనా పాత చదువు చదవాలన్న ఆశ కావచ్చు. పిల్లవాడు 13 ఏళ్లకే ఖురాన్ మొత్తం కంఠస్థం చేశాడు. తర్వాత హమ్దాన్ లూనీసీ అనే పండితుడి దగ్గర చేరాడు. ఈ గురువు శిష్యుడి చేత ఒక మాట పుచ్చుకున్నాడు: జన్మలో ఎప్పుడూ ప్రభుత్వ ఉద్యోగం చేయకూడదని. చదువుకున్న కుర్రవాడికి ఖాజీ పదవో ముఫ్తీ పదవో ఎదురుచూసే రోజుల్లో అది చిన్న మాటేమీ కాదు. బిన్ బాదీస్ చనిపోయేదాకా దానికి కట్టుబడ్డాడు. తన శిష్యులకూ అదే బుద్ధి చెప్పాడు.

1908లో, 19వ ఏట, ట్యునీసియాలోని జైతూనా మసీదు విద్యాపీఠానికి వెళ్లాడు. వందల ఏళ్ల పేరున్న చోటు. అక్కడి చదువు మాత్రం వ్యాఖ్యానం మీద వ్యాఖ్యానం, దాని మీద మళ్లీ టిప్పణి. మూల గ్రంథం ఎక్కడో అడుగున పడిపోయేది. ఖురాన్ మీద పాత వ్యాఖ్యాతలు అల్లిన కథలు, పరస్పరం పొసగని అర్థాలు చూసి కుర్రవాడికి విసుగు పుట్టింది. ఆ విసుగును ముహమ్మద్ అల్ నఖ్లీ అనే గురువు దగ్గర వెళ్లబోసుకున్నాడు. నీ బుద్ధినే జల్లెడ చేసుకుని వాటన్నిటినీ జల్లించుకో, నిలిచేది నిలుస్తుంది, పోయేది పోతుందని గురువు సలహా ఇచ్చాడు. తన మనసుకు తలుపులు తెరిచిన రోజు అదేనని బిన్ బాదీస్ తర్వాత చెప్పుకున్నాడు. మరో గురువు ముహమ్మద్ అల్ తాహిర్ ఇబ్న్ ఆషూర్ ప్రాచీన అరబ్బీ కవిత్వం చదివించి, భాష మీద ప్రేమ పుట్టించాడు.

వలస పాలన నుంచి బుద్ధిని విడిపించుకోవడం అంటే మనం సాధారణంగా పరాయివాడి పుస్తకం మూసేయడం అనుకుంటాం. బిన్ బాదీస్ మొదట ప్రశ్నించింది తన సొంత పుస్తకాల అరను. తాతలు చెప్పారు కాబట్టి తలూపడం, ఫ్రెంచివాడు చెప్పాడు కాబట్టి తలూపడం, రెండూ ఆయన కంటికి ఒకే జబ్బు.

ఈ ఆలోచన గాలిలోంచి పుట్టలేదు. అంతకు ముందు తరంలో జమాలుద్దీన్ అఫ్గానీ, ఈజిప్టు పండితుడు ముహమ్మద్ అబ్దుహ్ ఇస్లామీయ ప్రపంచమంతా ఈ చర్చ రేపారు. అఫ్గానీ 1880 ప్రాంతంలో మన హైదరాబాదులోనే ఉన్నాడు. భౌతికవాదుల మీద విమర్శగా పారశీకంలో రాసిన ఆయన పుస్తకం అచ్చయింది అక్కడే. తర్వాత పారిస్ నుంచి ఆయనా అబ్దుహ్ కలిసి నడిపిన పత్రిక దొంగచాటుగా ఎన్నో దేశాలు చేరింది. 1903లో అబ్దుహ్ స్వయంగా అల్జీరియా వచ్చి వెళ్లాడు.

మదీనాలో ఒక భారతీయుడి మాట

చదువు పూర్తిచేసి, 1913లో ఇంటికి వచ్చి, అదే ఏడాది హజ్ యాత్రకు వెళ్లాడు. మదీనాలో పాత గురువు లూనీసీ కనిపించాడు. ఆయన అప్పటికే ఫ్రెంచి పాలన భరించలేక దేశం విడిచి అక్కడ స్థిరపడ్డాడు. నువ్వూ ఇక్కడే ఉండిపో, ఆ దేశానికి తిరిగి వెళ్లకు అన్నది ఆయన సలహా. అదే ఊళ్లో పాఠాలు చెబుతున్న ఒక భారతీయ పండితుడు దానికి అడ్డం చెప్పాడు. దేవ్‌బంద్‌లో చదివిన హుసేన్ అహ్మద్ ఆయన. నీ అవసరం ఉన్నది నీ దేశానికే, వెళ్లి అక్కడ నీకు చేతనైనంత చెయ్యి అన్నాడు. తర్వాతి కాలంలో ఈయన బ్రిటిష్ వారి ఖైదీగా మాల్టా దీవిలో ఏళ్లు గడిపాడు. మనకు హుసేన్ అహ్మద్ మదనీగా తెలిసిన ఆయనే మాతృభూమే జాతిని కలుపుతుందని, హిందువులూ ముస్లింలూ ఒకే జాతి అని వాదించి దేశ విభజనను ఎదిరించాడు.

బిన్ బాదీస్ రెండో సలహా విన్నాడు. మదీనాలోనే మరో అల్జీరియా యువకుడు బషీర్ అల్ ఇబ్రాహీమీ స్నేహితుడయ్యాడు. రాత్రి నమాజు అయ్యాక ఇద్దరూ కూర్చునేవారు, తెల్లవారుజాము దాకా మాటలే. దేశానికి ఏం చెయ్యాలి, ఎక్కడ మొదలుపెట్టాలి. నెలల తరబడి ఇదే తంతు. తర్వాత పాతికేళ్లలో వాళ్లు చేసిన ప్రతి పనికీ విత్తనం ఆ రాత్రుల్లోనే పడిందని ఇబ్రాహీమీ జ్ఞాపకం చేసుకున్నాడు.

తిరిగి వచ్చి ఊళ్లోని పెద్ద మసీదులో పాఠం మొదలుపెడితే, ముఫ్తీ అడ్డుపడ్డాడు. చివరికి తండ్రే దొరల దగ్గర మాట సాయం చేసి, పచ్చ మసీదుగా పేరున్న సీదీ లఖ్దర్ మసీదులో పాఠం చెప్పుకునే అనుమతి తెచ్చిపెట్టాడు. ఫ్రెంచి పాలన పునాదులు కదిపిన బడికి అనుమతి తెచ్చింది ఫ్రెంచివారి సభలో కూర్చునే మనిషి! తండ్రీకొడుకుల దారులు వేరైనా ఆ రుణం మాత్రం మిగిలింది. తండ్రి పలుకుబడి తర్వాత కూడా చాలాసార్లు కొడుకును జైలు దాకా వెళ్లకుండా కాపాడింది.

ఆ మసీదులో 1913 నుంచి 1940 దాకా ఆయన చెప్పిన పాఠమే ఆయన జీవితం. వేకువ నమాజుతో మొదలై, పగలంతా విద్యార్థులకు వ్యాకరణం, ధర్మశాస్త్రం, సాహిత్యం, చరిత్ర. సాయంత్రం పనుల నుంచి వచ్చిన పెద్దలకు ఖురాన్ వివరణ. కూలివాళ్లు, దుకాణదారులు కూడా వచ్చి కూర్చునేవారు. పల్లెల నుంచి వచ్చిన పిల్లలకు బస, రొట్టె ఏర్పాటు చేయడానికి చందాలు పోగుచేసేవాడు. జీతం లేదు. వ్యక్తిగత జీవితంలో సుఖమూ లేదు. చిన్న వయసులో పెళ్లయింది, అది నిలవలేదు, ఒక్కగానొక్క కొడుకు ఆయన కళ్లముందే పోయాడు. ఈ సంగతులు ఆయన ఎక్కడా పెద్దగా చెప్పుకోలేదు. ఖురాన్ వివరణ 25 ఏళ్లు సాగి 1938లో పూర్తయింది. ఆ సందర్భంగా కాన్‌స్టాంటీన్‌లో పెద్ద పండుగే జరిగింది. అంత వివరణా నోటి మాటే. పుస్తకంగా రాసిపెట్టలేదు. పత్రికలో వేసిన కొన్ని భాగాలే తర్వాత పుస్తకమయ్యాయి. గ్రంథాలు రాయడం కంటే మనుషుల్ని తయారుచేయడమే తన పని అనుకున్నాడు.

1925లో అచ్చుయంత్రం పెట్టి పత్రికలోకి దిగాడు. మొదటి పత్రిక పేరు అల్ ముంతఖిద్, అంటే విమర్శకుడు. 18 సంచికలకే ప్రభుత్వం మూయించింది. వెంటనే అల్ షిహాబ్ అనే మరోటి తెచ్చాడు, అంటే ఉల్క. ఇది మొదట వారపత్రికగా, 1929 నుంచి మాసపత్రికగా 1939 దాకా నడిచింది. తాయెత్తులు, సమాధుల దగ్గర మొక్కులు, భక్తుల దగ్గర డబ్బులు దండుకుంటూ దొరలకు వంతపాడే పీఠాధిపతులు, వీటన్నిటి మీదా ఆ పత్రిక కత్తి దూసింది. ఫలితం 1926 డిసెంబరులో కనిపించింది. రాత్రి పాఠం ముగించుకుని ఇంటికి వెళుతున్న బిన్ బాదీస్ మీద ఒక సూఫీ వర్గం అనుయాయి దాడి చేశాడు. గాయాలతో బయటపడ్డాడు. జనం దుండగుణ్ణి పట్టుకుని చంపబోతే ఆయనే అడ్డుకున్నాడు, తర్వాత క్షమించాడు కూడా.

ఆయన శిష్యుల్లో ముబారక్ అల్ మీలీ అనే యువకుడు 1928లో అల్జీరియా చరిత్రను అరబ్బీలో పుస్తకంగా తెచ్చాడు. చిన్న సంగతిలా కనిపిస్తుంది. కానీ ఫ్రెంచి బడిలో చదివే అల్జీరియా పిల్లవాడి చరిత్ర పుస్తకం ప్రాచీన ఫ్రాన్సులోని గాల్ జాతివారితో మొదలయ్యేది. అతని దేశ చరిత్ర 1830లో సైన్యం దిగడంతో పుట్టేది. దానికి ముందు అంధకారమే. మీలీ పుస్తకం చూసి బిన్ బాదీస్ ఎంత సంతోషించాడంటే, జాతికి ప్రాణం పోశావని శిష్యుడికి ఉత్తరం రాశాడు.

1930లో ఫ్రాన్సు అల్జీరియా ఆక్రమణకు నూరేళ్ల పండుగ చేసింది. ఊరేగింపులు, పాతకాలపు సైనిక దుస్తుల్లో కవాతులు, పారిస్ నుంచి అధ్యక్షుడి రాక. ఇక్కడ ఇస్లాం, అరబ్బీ కథ ముగిసినట్టేనని మాట్లాడిన పెద్దలున్నారు. మరుసటి ఏడాది 1931 మే 5న రాజధాని అల్జీర్స్‌లో ఒక క్లబ్బులో పండితులంతా సమావేశమై అల్జీరియా ముస్లిం ఉలమా సంఘం పెట్టారు. మొదటి రోజు బిన్ బాదీస్ అక్కడ లేడు. లేకుండానే అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. రాజకీయాల్లో తలదూర్చబోమని నిబంధనావళిలో రాసుకున్నారు. మతం, భాష, దేశం, ఈ మూడూ తమవేనని చెప్పడమే వారి నినాదం. ఆ రోజుల్లో అంతకంటే రాజకీయం ఏముంటుంది?

బడి ఫీజు, ఆడపిల్లలు

కాన్‌స్టాంటీన్‌లో ఆయన పెట్టిన విద్యా సంఘం నియమాల్లో ఒకటి ఈ పేజీ పాఠకులకు ప్రత్యేకంగా చెప్పాలి. మగపిల్లల్లో స్తోమత లేనివారికి మాత్రమే ఫీజు మాఫీ. ఆడపిల్లలకైతే ఉన్నవారైనా లేనివారైనా అసలు ఫీజే లేదు. మతపెద్దలు, అదీ 1930ల్లో, ఇలా రాసుకున్నారు. కారణం కూడా ఆచరణాత్మకమే. కొడుక్కి ఫీజు కట్టే తండ్రి కూతురి దగ్గరికి వచ్చేసరికి జేబు తడుముకుంటాడని ఆయనకు తెలుసు. ఆ సాకు లేకుండా చేశాడు. చదివిన అమ్మాయిల్లో కొందరిని పై చదువుకు సిరియాలోని డమాస్కస్ పంపాలని ఉత్తరాలు నడిపాడు కూడా. యుద్ధం రావడంతో అది సాగలేదు.

ఫ్రెంచి నేర్చుకోవద్దని ఆయన అనలేదు. కాలానికి తగిన శాస్త్రాలూ, పరాయి భాషలూ నేర్వాలనే చెప్పాడు. సంఘం బడులకు వచ్చే పిల్లల్లో చాలామంది పగలు ఫ్రెంచి బడికి వెళ్లి, ఆ వేళలకు ముందో తర్వాతో ఇక్కడ అరబ్బీ చదివేవారు. రెండు సంచులు మోసే పిల్లలు. ఇంగ్లిషు మీడియం నుంచి వచ్చి సాయంత్రం తెలుగు క్లాసులో కూర్చునే పిల్లల్ని చూసిన టీచర్లకు ఆ దృశ్యం కొత్త కాదు. ఆవలింతలతో సహా.

బడులు పెరుగుతున్న కొద్దీ ఒత్తిడి పెరిగింది. 1933లో ప్రభుత్వ మసీదుల్లో ఉలమా సంఘం వారు ప్రసంగించరాదని ఆజ్ఞ వచ్చింది. ఆ ఏడాదే వాళ్లు తెచ్చిన మూడు పత్రికలు ఒకదాని తర్వాత ఒకటి నిషేధానికి గురయ్యాయి. 1937 సెప్టెంబరులో తలంసాన్ నగరంలో దారుల్ హదీస్ అనే పెద్ద బడిని బిన్ బాదీస్ ప్రారంభించాడు. కొన్ని నెలలకే దానికి తాళం పడింది. 1938 మార్చి 8న మరింత గట్టి దెబ్బ తగిలింది. అనుమతి లేకుండా అరబ్బీ బడి నడిపినా పాఠం చెప్పినా శిక్షే. అనుమతి కావాలని అడిగితే కాగితం నెలల తరబడి కదలదు. అధికారుల లెక్కలో అల్జీరియాలో అరబ్బీ పరాయి భాష. పుట్టిన ఊళ్లో, అమ్మ మాట్లాడే భాషలో, పలక మీద నాలుగు అక్షరాలు దిద్దించినందుకు పంతుళ్లు కోర్టు మెట్లెక్కారు. బిన్ బాదీస్ తన పత్రికలో పాలకుల మీద నేరుగా విరుచుకుపడ్డాడు. బడులు మూయవద్దని, జరిమానాలైనా జైలైనా భరించమని చెప్పాడు.

ఇక్కడ మన సంగతి కూడా ఒకటి గుర్తొస్తుంది. నిజాం రాజ్యంలో జనంలో ఎక్కువమంది భాష తెలుగు, దర్బారు భాష ఉర్దూ. అక్కడా సొంతంగా బడి పెట్టుకోవాలంటే సర్కారు అనుమతి కావాలన్న నిబంధన తెచ్చారు. ఆంధ్రోద్యమం వారు దాని మీద ఎన్నో తీర్మానాలు చేయాల్సి వచ్చింది. అంటే బడికి తాళం వేసే చెయ్యి ఏ మతానిదైనా, ఏ భాషదైనా కావచ్చు.

1936లో జరిగిన వాదం ఆయన పేరును దేశమంతా తీసుకెళ్లింది. సేతీఫ్ పట్నంలో మందుల దుకాణం నడిపే ఫర్హాత్ అబ్బాస్ ఫ్రెంచి చదువులు చదివిన నాయకుడు. నిజాయితీపరుడు. తన జనానికి సమాన హక్కులు కావాలని కోరేవాడు. అల్జీరియా జాతి అనేది చరిత్రలో వెతికినా, శ్మశానాల్లో వెతికినా తనకు కనపడలేదని, ఫ్రాన్సే తన దేశమని ఆ ఏడాది ఫిబ్రవరిలో రాశాడు. బిన్ బాదీస్ ఏప్రిల్‌లో అల్ షిహాబ్‌లో జవాబిచ్చాడు. మేమూ వెతికాం, మాకు కనపడింది, ఈ జాతికి తన చరిత్ర, మతం, భాష ఉన్నాయి, ఇది ఫ్రాన్సు కాదు, కావాలనుకున్నా కాలేదు అన్నది దాని సారం. ఇద్దరి మధ్యా ద్వేషం మాత్రం లేదు. 22 ఏళ్ల తర్వాత, 1958లో, ప్రవాసంలో ఏర్పడిన స్వతంత్ర అల్జీరియా తాత్కాలిక ప్రభుత్వానికి మొదటి అధ్యక్షుడైంది అదే ఫర్హాత్ అబ్బాస్.

ఆ జవాబు రాసిన రెండు మూడు నెలలకే బిన్ బాదీస్ చేసిన పని అందరికీ నచ్చలేదు. వివిధ పక్షాలు కలిసి ముస్లిం కాంగ్రెస్ పెట్టాయి. దాని ప్రతినిధుల్లో ఒకడిగా జులైలో ఆయన పారిస్ వెళ్లాడు. ప్రధాని లియోన్ బ్లూమ్‌ను కలిశారు. అడిగింది స్వాతంత్ర్యం కాదు. మతం వదులుకోకుండా పౌరహక్కులు, మసీదుల మీద ప్రభుత్వ పెత్తనం పోవడం, అరబ్బీకి గుర్తింపు. బ్లూమ్ ప్రభుత్వం తెచ్చిన ప్రతిపాదన సుమారు 20 వేల మంది చదువుకున్నవారికి, మాజీ సైనికులకు పౌరసత్వం ఇస్తామంది. అల్జీరియాలో స్థిరపడ్డ ఫ్రెంచివారు గగ్గోలు పెట్టడంతో అదీ చట్టం కాలేదు. కాన్‌స్టాంటీన్‌లోనే పుట్టిన ఆలోచనాపరుడు మాలిక్ బిన్ నబీ ఈ ప్రయాణాన్ని జీవితాంతం తప్పుపట్టాడు. మనుషుల్ని మార్చే పని వదిలి, దొరల గుమ్మం ముందు నిలబడ్డారన్నది ఆయన బాధ. వలస పాలనకు లొంగే గుణం ముందు మనలో పుట్టింది, తర్వాతే దొర వచ్చాడు అన్న వాదం ఈయనదే. విచిత్రమేమంటే అంత లోతైన మాటలను ఆయన మొదట రాసింది ఫ్రెంచిలో.

నాకైతే బిన్ నబీ తీర్పు కొంచెం కఠినంగా అనిపిస్తుంది. బడులు మూతపడుతున్నప్పుడు తలుపు తట్టకుండా కూర్చోవడం పంతులుకు కుదరదు. తట్టి చూశాడు, తెరుచుకోలేదు, తెలుసుకున్నాడు. ఆ తర్వాత ఆయన స్వరం మారింది. 1937లో రెండు రకాల జాతీయతల గురించి రాశాడు. ఒకటి భాష, చరిత్ర, మతం ఇచ్చినది, రెండోది రాజ్యం, దాని హక్కులూ బాధ్యతలూ ఇచ్చినది. రెండోదాని కోసం మొదటిదాన్ని తాకట్టు పెట్టనక్కరలేదని వాదించాడు.

1938 సెప్టెంబరులో యూరప్‌లో యుద్ధమేఘాలు కమ్మాయి. ఫ్రాన్సుకు విధేయత తెలుపుతూ తంతి పంపాలని సంఘంలో ముఖ్యుడు, అల్జీర్స్ నగరంలో గొప్ప వక్త అయిన తయ్యిబ్ అల్ ఉఖ్‌బీ పట్టుబట్టాడు. అంతకు రెండేళ్ల కిందట అల్జీర్స్ ముఫ్తీ హత్య కేసులో ఉఖ్‌బీని ఇరికించారు. ఆ కత్తి ఇంకా మెడమీద వేలాడుతోంది. ఆయన భయానికి అర్థముంది. అయినా బిన్ బాదీస్ ఒప్పుకోలేదు. సభ్యుల్లో ఎక్కువమందీ ఆయన పక్షమే. ఉఖ్‌బీ సంఘం బాధ్యతల నుంచి తప్పుకున్నాడు. మరుసటి ఏడాది కోర్టు ఆయన్ను నిర్దోషిగా వదిలింది. పాత స్నేహం మాత్రం మళ్లీ అతకలేదు. 1939లో యుద్ధం మొదలవగానే, ప్రభుత్వానికి నచ్చినట్టు రాయడం కంటే మానేయడం మేలని పత్రికలు ఆపేశారు.

1940 ఏప్రిల్ 16న, 50 ఏళ్ల వయసులో, కాన్‌స్టాంటీన్‌లోనే బిన్ బాదీస్ మరణించాడు. అంత్యక్రియలకు ఊరు ఊరంతా కదిలింది. ఆయన చోట అధ్యక్షుడిగా ఎన్నికైన ఇబ్రాహీమీ ఆ సమయానికి ఆఫ్లూ అనే ఎడారి పట్నంలో నిర్బంధంలో ఉన్నాడు. 1947లో గురువు పేరున కాన్‌స్టాంటీన్‌లో ఉన్నత విద్యాలయం తెరిచారు. 1950ల నాటికి సంఘం బడులు వంద దాటాయి. తిరుగుబాటులో చేరిన యువకుల్లో వాటి విద్యార్థులూ ఉన్నారు.

ఇప్పుడు మొదట చెప్పిన బెర్బర్ సంగతి. బిన్ బాదీస్ తన వంశమూలాన్ని దాచుకోలేదు. బెర్బర్ మూలాన్ని చెప్పే అల్ సన్హాజీ అన్న పేరుతో కొన్నిసార్లు సంతకం చేసేవాడు. అరబ్బులూ బెర్బర్లూ ఇస్లాం వల్ల ఒకటయ్యారని, వారిని విడదీయాలన్నది పాలకుల కుట్ర అని రాశాడు. పాలకులకు ఆ ఆలోచన ఉన్నమాట నిజమే. అయితే తన తాతముత్తాతల భాషకు కూడా బడి కావాలన్న ప్రశ్న ఆయన వేసుకోలేదు. ఆ లోటు స్వతంత్ర అల్జీరియాలో బయటపడింది. 1963 రాజ్యాంగం అరబ్బీని ఏకైక అధికార భాషగా చేసింది. కబైలీ కొండప్రాంతంలో లక్షలమంది ఇళ్లలో మాట్లాడే తమజిగ్త్ భాషకు బడిలో చోటు లేదు. ఒకనాడు అరబ్బీకి జరిగిన అవమానమే ఇప్పుడు అరబ్బీ పేరుతో వారికి జరిగింది. 1980లో తీజీ ఊజూ విశ్వవిద్యాలయంలో ప్రాచీన బెర్బర్ కవిత్వం మీద ఒక రచయిత ప్రసంగాన్ని ప్రభుత్వం ఆపించడంతో పెద్ద ఉద్యమమే లేచింది. 1994-95లో కబైలీ తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, పిల్లలు ఏకమై దాదాపు విద్యాసంవత్సరం పొడవునా బడులు బహిష్కరించారు. బడిసంచుల సమ్మె అని దానికి పేరు. ఒక తరం పిల్లలు ఏడాది చదువు పోగొట్టుకున్నారు. ఆ తర్వాతే తమజిగ్త్ బడుల్లోకి వచ్చింది. 2002లో జాతీయ భాషగా, 2016లో అధికార భాషగా గుర్తింపు పొందింది.

బిన్ బాదీస్ మరణించిన ఏప్రిల్ 16ను అల్జీరియాలో ఏటా విద్యాదినంగా జరుపుతారు. బడుల్లో ఆయన చిత్రపటం పెట్టి, వ్యాసరచన పోటీలు నిర్వహించి, పిల్లలకు బహుమతులు ఇస్తారు. కబైలీ బడుల్లోనూ అదే ఆనవాయితీ. అక్కడి పిల్లల టైంటేబుల్‌లో ఇప్పుడు అరబ్బీ, ఫ్రెంచి పీరియడ్లతో పాటు తమజిగ్త్ పీరియడూ ఉంది.